తాబేలు ముక్కు ఆరిందని మందు ఆపకండి

పోయిన నెల ఒక మిత్రుడు ఫోనులో చిన్న వీడియో పంపి, "మా తాబేలు తెగ ఆవలిస్తోంది, నిద్ర చాలడం లేదేమో చూడు" అన్నాడు. చూశాను. మెడ బారుగా చాచి, నోరు తెరిచి, ముందుకాళ్ళను లోపలికీ బయటికీ ఆడిస్తోంది. అది ఆవలింత కాదు, ఊపిరి అందక పడే అవస్థ. ఆరా తీస్తే అంతకు నెల ముందు దానికి ముక్కు కారిందట. వైద్యుడు మూడు రోజులకొకటి చొప్పున ఎనిమిది సూదులు రాశాడట. మూడో సూది పడేసరికి ముక్కు ఆరింది. తగ్గిపోయింది కదా, మూగజీవిని ఇంకా పొడిపించడం ఎందుకని మిగిలిన అయిదూ మానేశాడు. వీడియో వచ్చిన సాయంత్రం తీసిన ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి దాదాపు పూర్తిగా మూసుకుపోయి కనిపించింది. తెల్లవారేసరికి తాబేలు లేదు.

ఇలాంటిది నేను చూడటం ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ పెంచినవాళ్ళు నిర్లక్ష్యపు మనుషులు కారు, జాలి ఎక్కువైనవాళ్ళు. చలీ ముసురూ కలిసివచ్చే రోజులు దగ్గరపడ్డాయి కాబట్టి ఇది రాస్తున్నాను. నీళ్ళు మార్చండి, పెట్టె శుభ్రంగా ఉంచండి వంటివి చెప్పను. అవి మీకు తెలుసు.

ముక్కు ఆరితే తగ్గినట్టు కాదు

మనిషి జలుబు గురించి ఒక మాట ఉంది: మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు. తాబేలు దగ్గర ఆ లెక్క చెల్లదు. పడిశం పదిరోగాల పెట్టు అన్న మాట మాత్రం దానికి అచ్చంగా సరిపోతుంది.

మనకు ఛాతీకీ పొట్టకూ మధ్య ఊపిరి ఆడించే కండరపు పొర ఒకటి ఉంది. తాబేలుకు అది లేదు. పక్కటెముకలు చిప్పలో కలిసిపోయి ఉంటాయి, కదలవు. కాళ్ళ మొదళ్ళలోని కండరాలతో లోపలి అవయవాలను అటూ ఇటూ నెట్టుకుంటూ గాలి పీలుస్తుంది. కాబట్టి గట్టిగా దగ్గి కఫాన్ని బయటికి తోసే శక్తి దానికి లేదు. లోపలికి దిగినది లోపలే ఉండిపోతుంది.

పైగా దాని చీము మన చీములా జారదు. చీమును కరిగించే ఎంజైములు సరీసృపాల తెల్ల రక్తకణాల్లో కొరవడటం వల్ల అది గట్టి జున్నులా ముద్దకడుతుంది. ఆ ముద్ద ముక్కు రంధ్రానికి అడ్డుపడితే కారడం ఆగుతుంది. అంటే మీరు చూసి సంతోషించిన ఆ పొడి ముక్కు మూసుకుపోయిన ముక్కు కావచ్చు. చీమిడి కారుతున్నన్నాళ్ళూ కనీసం మన కంటికి జబ్బు కనిపిస్తుంది. ఆరాక కనిపించదు, అంతే.

ఇంకో కారణం మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి. తాబేళ్ళలో ముక్కు కారడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. దీనికి కణకవచం ఉండదు. పెన్సిలిన్ కుటుంబపు మందులు దెబ్బతీసేది ఆ కవచాన్నే కాబట్టి అవి దీని మీద పనిచేయవు. ఇంట్లో మిగిలిన ఏదో యాంటీబయాటిక్ వేసేవాళ్ళు ఈ ఒక్క వాక్యం మరోసారి చదవండి. ఈ జబ్బు వచ్చిపోతుంది, మళ్ళీ వస్తుంది. ముక్కు పొడిగా, ఆరోగ్యంగా కనిపించే తాబేలు నెలల తరబడి దాన్ని మోస్తూ పక్కదానికి అంటించగలదు. అమెరికా ప్రభుత్వం 1990లో మొహావీ ఎడారి తాబేళ్ళను ముప్పున్న జీవులుగా ప్రకటించడానికి చూపిన కారణాల్లో ఈ శ్వాసరోగం కూడా ఉంది. అడవిలో మందలను తగ్గించగల జబ్బును మనం జలుబు అని పిలిచి తేలిక చేసుకుంటున్నాం.

ముక్కు ఆరితే తగ్గినట్టు కాదు. మళ్ళీ మళ్ళీ చెబుతాను, విసుక్కోకండి.

ఏం చూడాలి

రసం ఉన్న ఆకు తింటున్నప్పుడో నీళ్ళు తాగిన వెంటనే ముక్కు దగ్గర ఒక బుడగ కనబడితే హడావిడి వద్దు. తల చటుక్కున లోపలికి లాక్కున్నప్పుడు బుస్సుమనడం కూడా మామూలే, చిప్పలో చోటు కోసం గాలి వదులుతుంది. తినకుండా, తాగకుండా ఊరికే కూర్చున్నప్పుడు బుడగలు వస్తే అది జబ్బు. ముందుకాలితో ముక్కును పదేపదే తుడుచుకుంటుందా చూడండి. కాలి పొలుసుల మీద ఎండిన చీమిడి మరక చాలాసార్లు ముక్కుకంటే ముందే సంగతి చెబుతుంది. రంధ్రాల చుట్టూ తెల్లటి పక్కు, ఒక రంధ్రం రెండోదానికంటే సన్నగా మారడం, వాచిన రెప్పలు, లోతుకుపోయిన కళ్ళు కూడా గమనించండి.

దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నిశ్శబ్దంగా రెండు నిమిషాలు వినండి. పిల్లికూతలో, టిక్కుమనే చప్పుడో ఊపిరి ఊపిరికీ వినిపిస్తే వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. మెడ చాచి నోటితో పీలుస్తుంటే ఆ రోజే, ఆ గంటే. అది నెమ్ము చివరి మెట్లలో కనిపించే గుర్తు.

అన్నిటికంటే నమ్మకమైనది తూకం. వారానికొకసారి, ఒకే వేళకు, మేత పెట్టకముందు తూచి రాసుకోండి. ముక్కు అబద్ధం చెబుతుంది, త్రాసు చెప్పదు. ముక్కు ఆరిన తరువాత కూడా బరువు దిగుతూ ఉంటే జబ్బు లోపలికి దిగిందనుకోండి.

వేడి, తేమ

తాబేలు తన ఒంట్లో తాను వేడి పుట్టించుకోలేదు. జ్వరం తెచ్చుకోవాలన్నా వెచ్చని చోటుకు నడిచి వెళ్ళాల్సిందే. చల్లబడిన ఒంట్లో రోగంతో పోరాడే శక్తి మందగిస్తుంది, మందు కూడా సరిగా పనిచేయదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు రాత్రిళ్ళు కొంత చల్లబడినా చాలా జాతులు తట్టుకుంటాయి. జబ్బులో ఆ సడలింపు లేదు: పగలు 28 నుంచి 30 డిగ్రీలు, రాత్రి కూడా 26కు తగ్గకుండా చూడండి, మీ జాతికి సరైన అంకె వైద్యుణ్ణి అడిగి సరిచూసుకోండి. వేడి దీపం కింద మాత్రం 32 నుంచి 35 ఉండాలి, అక్కడి నుంచి పక్కకు జరిగే చోటూ ఉండాలి. ధర్మామీటరు గోడకు కాదు, తాబేలు వీపు ఎత్తులో పెట్టండి. రాత్రికి వెలుగు లేని సిరామిక్ హీటరు మేలు.

తేమ ఒక్కటే చెరుపు చేయదు. రెడ్‌ఫుట్ వంటి జాతులు తేమలోనే బతుకుతాయి. చల్లటి తేమ చంపుతుంది. పొడినేలల జాతులకు మరీ ముప్పు. గదిలో వేడి పడిపోయిన రోజున పెట్టెలో నీళ్ళు చిలకరించకండి. కింద పరిచే మట్టి దుమ్ము లేవకూడదు. దేవదారు, పైన్ చెక్కపొట్టు అసలు వద్దు, వాటి ఘాటు నూనెలు ఊపిరితిత్తులకు పడవు.

వైద్యుడి దగ్గర

సరీసృపాలు చూసే వైద్యుడే కావాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ముక్కు నుంచి నమూనా తీయమనండి. తరువాత తీస్తే ఫలితం తప్పుదోవ పట్టించవచ్చు. ఎక్స్‌రే పైనుంచి ఒక్కటి తీస్తే సరిపోదు, పక్కనుంచీ తల వైపునుంచీ కూడా కావాలి. తల వైపునుంచి తీసినదానిలోనే రెండు ఊపిరితిత్తులూ పక్కపక్కన కనబడతాయి, ఏది పాడైందో తేలుతుంది. సెఫ్టాజిడిమ్ వంటి సూదిమందును సాధారణంగా మూడు రోజులకొకసారి వేస్తారు, కాబట్టి వైద్యం వారాలు సాగుతుంది. ఎన్రోఫ్లాక్ససిన్ అనే మరో యాంటీబయాటిక్ సూది బాగా మంట పెడుతుంది, తాబేలు గింజుకుంటుంది. జాలిపడి మానేసేది సరిగ్గా ఇక్కడే. మానకండి. వెనుక కాళ్ళ వైపునుంచి వచ్చే రక్తం మూత్రపిండాల మీదుగా వెళుతుంది కాబట్టి చాలామంది వైద్యులు ముందుకాలికే సూది వేస్తారు. ఇంట్లో వేయమంటే చోటు చూపించమని అడగండి.

ఇక వరసగా.

– రోజూ గోరువెచ్చని నీళ్ళలో పావుగంట కూర్చోబెట్టండి. నీళ్ళు గడ్డానికి దిగువనే ఉండాలి. ఒళ్ళు ఎండితే చీము ఇంకా గట్టిపడుతుంది, మూత్రపిండాల మీద మందు భారం పెరుగుతుంది.
– తీసిన వెంటనే తుడిచి వెచ్చని చోట పెట్టండి. తడి ఒంటితో ఫ్యాను కింద వదలకండి.
– పశువులకు నులిపురుగులు పోవడానికి వేసే ఐవర్‌మెక్టిన్ వద్దు. కుక్కకు పనిచేసింది, ఆవుకు పనిచేసింది అనకండి. తాబేలును చంపుతుంది.
– విటమిన్ ఎ సూది అడిగి వేయించుకోకండి. ఎక్కువైతే చర్మం ఊడిపోతుంది.
– మనుషులు ముక్కుకు రాసుకునే ఘాటు మందులు రాయకండి.
– ఆవిరి పట్టకండి. మందును పొగమంచులా పట్టే యంత్రం (నెబ్యులైజరు) వైద్యుడు చెబితేనే.
– నోటితో ఊపిరి పీలుస్తున్నదానికి బలవంతంగా తినిపించకండి. మేత ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
– వెల్లకిలా తిప్పి చూడకండి. అందే కాస్త గాలీ అందదు.
– శీతనిద్రకు పోయే జాతి అయినా ఈ ఏడు పంపకండి. ముక్కు ఆరినా సరే.
– కొత్త తాబేలు వస్తే ఆరు నెలలు వేరే గదిలో. వేరే పెట్టె కాదు, వేరే గది. నీళ్ళ పళ్ళెం కూడా వేరే.
– రెండు వేర్వేరు జాతులను కలపకండి. ఒకటి నవ్వుతూ మోసే రోగం రెండోదాన్ని తీసుకుపోతుంది.
– ఒకదానికి ముక్కు కారితే అన్నిటినీ చూపించండి.
– మొదట ఆరోగ్యంగా ఉన్నవాటి పని, చివర జబ్బుదాని పని. మధ్యలో చేతులు కడుక్కోండి.
– రేపు చూద్దాం అనకండి.
– ముక్కు ఆరిందని సూది ఆపకండి.
– బుడగలు పోయాయని ఆపకండి. ఆకు తిన్నదని ఆపకండి. ఎండలోకి నడిచిందని ఆపకండి.
– సూదుల తేదీలన్నీ కాగితం మీద రాసి పెట్టెకు అంటించండి. వేసినది కొట్టేస్తూ పోండి.
– ఆఖరి సూది పడ్డాక మళ్ళీ ఎప్పుడు ఎక్స్‌రే తీయాలో వైద్యుణ్ణి అడిగి, ఆ తేదీని కూడా అదే కాగితం మీద రాయండి.