మడ అడవిలోకి కొలతలకు వెళ్లే ముందు

వానలు వెనకబట్టగానే కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో జీవవైవిధ్యం లెక్కించడానికి విద్యార్థులు బయలుదేరతారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం కూడా అదే. 1996 నవంబరు 6 నాటి తుపానును కోనసీమ ఇంకా మరిచిపోలేదు. వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, ఆ వారం పని వాయిదా వేయండి.

ముందుగా చూడవలసింది పోటుపాట్ల వేళలు, అంటే సముద్రపు నీరు ఎక్కే వేళ, తీసే వేళ. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఆ వేళ ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు బాగా పెరుగుతుంది, అంతే లోతుగా తీస్తుంది. ఒకసారి పీతల బొరియలు లెక్కపెడుతూ మేము వేళ మరిచిపోయాం. పడవ బురద మీద కూర్చుండిపోయింది. మళ్లీ పోటు వచ్చి దాన్ని లేపేసరికి చీకటి పడింది, తాగడానికి చుక్క నీరు లేదు. పడవవాడు వెళ్దాం అన్నాడంటే మిగిలిన పని రేపటికి వదిలేయండి.

తిల్ల చెట్టును దూరం నుంచే గుర్తుపట్టడం నేర్చుకోండి. దాని కొమ్మ విరిస్తే తెల్లని పాలు కారతాయి. అవి కంట్లో పడితే కొంతకాలం చూపు పోవచ్చు, ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతాయి. పోల్చుకోవడానికి ఆకు తుంపి చూసే అలవాటు ఇక్కడ మానుకోవాలి. పాలు పడితే వెంటనే మంచినీటితో బాగా కడిగి వైద్యుని దగ్గరకు వెళ్లాలి. అందుకే తాగేవి కాక మరో డబ్బా నీళ్లు ఉంచుకోండి. చెప్పులను బురద లాగేసుకుంటుంది, చెట్ల వేర్లకు అతుక్కున్న ఆల్చిప్పలు పాదాలు కోస్తాయి. గట్టి అడుగున్న బూట్లు వేసుకోండి.

మన వల్ల అడవికి జరిగే హాని నన్ను ఎక్కువగా బాధిస్తుంది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన పుల్లల్లాంటివి మడచెట్ల శ్వాసవేర్లు. పదిమంది పది దారుల్లో నడిస్తే అవి విరిగిపోతాయి. ఒకరి అడుగుల్లో ఒకరు నడవండి. లెక్కించే చోటుకు హద్దుగా నేల మీద పరిచే చట్రాన్ని పీతలు కనబడిన చోటే వేయకండి. ముందే నిర్ణయించిన చోట వేసి, ఏమీ లేకపోతే సున్నా రాయండి. సున్నా కూడా కొలతే.

జనవరి తర్వాత కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. అక్కడ తెల్లని లైటు వేయకండి, గుడ్లను కదపకండి. అటవీ శాఖ అనుమతి లేనిదే అక్కడికి వెళ్లకండి.

నోటుపుస్తకంలో పెన్సిలుతోనే రాయండి, తడిస్తే సిరా చెరిగిపోతుంది. తిరుగు పడవ కదిలే ముందు అందరినీ పేరుపేరునా పిలిచి లెక్క చూసుకోండి.