మొదటి నైట్ డ్యూటీకి వెళ్తున్న చెల్లికి

ప్రార్థన చేసుకున్నాను కదా అని మందు లేబుల్ చదవడం మానకు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయ్యి వార్డులో చేరిన రెండో వారం, ఒకరికి ఇవ్వాల్సిన యాంటీబయాటిక్ పట్టుకుని పక్క మంచం దగ్గర నిలబడ్డాను. పేరు అడిగాను కాబట్టి ఆగాను. చేతులు వణికాయి. రాత్రంతా దేవుడికి చెప్పుకున్నాను, తెల్లారి ఇన్‌ఛార్జి సిస్టర్‌కి కూడా చెప్పాను. తిట్టారు, తర్వాత రిపోర్ట్ ఎలా రాయాలో నేర్పారు. దేవుడి దగ్గర ఒప్పుకుని ఇన్‌ఛార్జి దగ్గర దాస్తే అది ఒప్పుకోలు కాదమ్మా.

సబ్బుతో చేతులు సరిగ్గా కడగాలంటే 40 నుంచి 60 సెకన్లు కావాలి. ఆ టైమ్‌లో నేను మనసులో యేసు నేర్పిన పరలోక ప్రార్థన చెప్పుకుంటాను. నిదానంగా చెప్పు, గబగబా చెబితే గోళ్ల సందులు మిగిలిపోతాయి.

ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), పొటాషియం క్లోరైడ్ లాంటివి మోతాదు తప్పితే ప్రాణం మీదికొస్తాయి. అవి ఇవ్వాల్సి ఉంటే ముందు ఇంకో సిస్టర్‌ని పిలిచి చూపించు. పొటాషియం క్లోరైడ్‌ని ఎప్పుడూ పలుచన చేయకుండా సిరంజితో నేరుగా నరంలోకి ఎక్కించకూడదు.

పేషెంట్ అడిగితేనే పైకి ప్రార్థించు. అడగనివాళ్లకు దుప్పటి సర్ది, కాసేపు చెయ్యి పట్టుకుంటే చాలు.

తెల్లవారుజాము మూడింటికి టెన్షన్, నిద్ర రెండూ కలిసి వస్తాయి. బైబిల్లో 121వ కీర్తన గుర్తుచేసుకో. కాపాడేవాడు కునకడు, మనం కునుకుతాం. అందుకే ఫ్లాస్కులో టీ కూడా తీసుకెళ్లు.

ఆదివారం డ్యూటీ పడితే బాధపడకు. సాయంత్రం ఆరాధన ఉన్న చర్చి ముందే చూసిపెట్టుకో.