కరెంటు పోయినప్పుడు దారి చూపే దీపాలు: అవి పనిచేసే తీరు, పరీక్షించే పద్ధతి

భవనంలో ఉన్నట్టుండి కరెంటు పోతే కళ్ళు చీకటికి అలవాటు పడడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కానీ మనుషులు అంతసేపు ఆగకుండా మెట్ల వైపు కదులుతారు. ఆ మధ్యకాలంలో ఎవరూ మెట్టు తప్పి పడకుండా చూడడమే ఎమర్జెన్సీ లైట్ల మొదటి పని.

సాధారణంగా ఒక్కో ఫిట్టింగులో ఒక బ్యాటరీ, ఒక ఛార్జరు, సరఫరాను కనిపెట్టి ఉండే చిన్న సర్క్యూటు ఉంటాయి. కరెంటు ఉన్నంతసేపూ బ్యాటరీ నిండుతూ ఉంటుంది. వోల్టేజి నిర్ణీత స్థాయి కంటే పడిపోగానే ఆ సర్క్యూటు దీపాన్ని బ్యాటరీకి కలుపుతుంది. కొన్ని దీపాలు కరెంటు పోయినప్పుడే వెలుగుతాయి, కొన్ని ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి. పెద్ద భవనాల్లో అన్ని దీపాలకూ కలిపి ఒకేచోట బ్యాటరీలు పెట్టే పద్ధతి కూడా ఉంది. అప్పుడు అక్కడి నుంచి వెళ్ళే కేబుళ్ళు మంటను తట్టుకునేవి కావాలి.

జనరేటర్ ఉంది కదా, ఇవెందుకు అని అడిగేవారుంటారు. జనరేటర్ అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఒక్కోసారి అసలు స్టార్ట్ కాదు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. మెట్ల లైట్లకు వెళ్ళే ఎంసీబీ (లోపం వస్తే ఆ సర్క్యూటును తనంతట తానే ఆపేసే స్విచ్చి) ఒక్కటే ట్రిప్ అయితే భవనానికి వచ్చే సరఫరా మామూలుగానే ఉంటుంది కాబట్టి జనరేటర్‌కు ఆ చీకటి సంగతే తెలియదు. అందువల్ల ఎమర్జెన్సీ ఫిట్టింగుకు ఫేజు వైరును ఆ చోటి మామూలు లైట్ల సర్క్యూటు నుంచే, అదీ గోడ స్విచ్చికి ముందు నుంచే తీసుకోవాలి. స్విచ్చి తర్వాత తీసుకుంటే లైటు ఆపిన ప్రతిసారీ బ్యాటరీ ఖర్చవుతుంది. వేరే సర్క్యూటు నుంచి తీసుకుంటే మెట్లు చీకటైనా దీపం వెలగదు. వైరింగులో నేను అన్నిటికంటే ముందు చూడమనేది ఈ ఒక్క కనెక్షనునే.

దీపాలను మెట్ల వరుసలన్నిటికీ నేరుగా వెలుతురు పడేలా, దారి మలుపు తిరిగే చోట, నేల ఎత్తు మారే చోట, బయటికి వెళ్ళే తలుపుల దగ్గర, మంటలార్పే సాధనాల దగ్గర అమర్చాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 1838 తప్పించుకునే దారిలో నేల మీద కనీసం 1 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు ఉండాలని, అందులో సగం కరెంటు పోయిన 5 సెకన్లలోపే రావాలని కోరుతుంది. అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 101 ప్రకారం దీపాలు 90 నిమిషాలు వెలగాలి.

ఫిట్టింగు మీద పచ్చ లైటు వెలుగుతోందంటే ఛార్జింగు అందుతోందని మాత్రమే అర్థం. బ్యాటరీ ఎన్ని నిమిషాలు నిలుస్తుందో అది చెప్పలేదు కనుక, నెలకోసారి క్లుప్తంగానూ ఏడాదికోసారి పూర్తి వ్యవధికీ పరీక్షించాలి. ఫిట్టింగు మీద ఉండే టెస్ట్ బటన్ నొక్కితే ఆ ఒక్క దీపం సంగతే తెలుస్తుంది. లైట్ల ఎంసీబీని ఆపి చూస్తే వైరింగులోని లోపం కూడా బయటపడుతుంది. ఆపిన తర్వాత దారి పొడవునా నడిచి, వెలగని దీపాన్నీ, వెలిగి మసకబారిన దీపాన్నీ, అది ఎన్నో నిమిషంలో ఆరిందో కూడా రిజిస్టరులో రాయాలి. పూర్తి పరీక్ష తర్వాత బ్యాటరీలు మళ్ళీ నిండడానికి దాదాపు 24 గంటలు పట్టవచ్చు, కాబట్టి భవనంలో జనం లేని రోజు చూసుకోవాలి. అలాంటి రోజు దొరకకపోతే సగం దీపాలను ఒకరోజు, మిగిలిన సగాన్ని అవి నిండిన తర్వాత మరోరోజు పరీక్షించాలి. సరఫరా తిరిగి ఇచ్చాక ప్రతి ఫిట్టింగులోనూ పచ్చ లైటు వచ్చిందో లేదో చూడనిదే పరీక్ష పూర్తయినట్టు కాదు.

నికెల్ కాడ్మియం బ్యాటరీలు సుమారు నాలుగేళ్ళు పనిచేసేలా తయారవుతాయి, కానీ వేడెక్కే పైకప్పుల కింద అంతకంటే ముందే నీరసిస్తాయి. వ్యవధి నిండకముందే దీపం ఆరితే, ఫిట్టింగు తయారీదారు చెప్పిన రకం బ్యాటరీనే వేసి, వేసిన తేదీని దాని మీదే చెరగని సిరాతో రాసి, ఒకరోజు ఛార్జ్ కానిచ్చాక ఆ దీపాన్ని మరోసారి పూర్తి వ్యవధికి పరీక్షించండి.