పింఛను పొదుపు ఖర్చులు – 4వ పాఠం: శాతం దేని మీద?

గత పాఠం చివర రెండు ఖర్చులను పోల్చమని ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబుల్లో చాలావరకు ఒకే చోట తడబడ్డాయి. ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం)లో బ్యాంకు ద్వారా కట్టే చందాపై రుసుము అర శాతం, మ్యూచువల్ ఫండును ఏజెంటు ద్వారా కొనే రెగ్యులర్ ప్లానులో, నేరుగా కొనే డైరెక్ట్ ప్లానుకన్నా అదనపు ఖర్చు ఒక శాతం అన్నాను కనుక, రెండోది మొదటిదానికి రెట్టింపని తేల్చారు. తప్పులో నా వంతూ ఉంది. ఆ శాతాలు దేని మీద లెక్కించేవో చెప్పకుండా పక్కపక్కన పెట్టాను.

నెలకు 10,000 రూపాయల చొప్పున 20 ఏళ్లు కడితే మొత్తం చందా 24 లక్షలు. ప్రతి చందాపై ఒక్కసారే పడే అర శాతం అన్నేళ్లకూ కలిపి 12,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. రెగ్యులర్ ప్లానులోని ఒక శాతం మాత్రం పోగైన నిధి మొత్తం మీద ఏటా పడుతుంది. నిధి 20 లక్షలకు చేరిన తర్వాత ఒక్క ఏడాదికే 20,000. మొదటి నెలలో వేసిన సొమ్మునే 20 ఏళ్లు కదపకుండా ఉంచితే, చివరికి చేతికి రావలసిన ప్రతి 100 రూపాయల్లో సుమారు 18 ఈ ఒక్క శాతం కిందనే పోతాయి. ఈ ఖర్చును రోజువారీగా ఎన్‌ఏవీలోనే, అంటే ఒక్కో యూనిట్ విలువలోనే, మినహాయిస్తారు కనుక స్టేట్‌మెంటులో విడి కోతగా కనబడదు. అందుకే, "నేను మీ దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోను" అనే ఏజెంటు మాట నాకు మహా చిరాకు: ఆయన కమీషను ఆ నిధిలోంచే ఏటా వెళుతుంది.

ఇక బేరం. ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీలపై పన్ను), స్టాంపు డ్యూటీ, జీఎస్టీలపై బేరం లేదు. ఫండు ఖర్చుపైనా లేదు. అక్కడున్న దారి 2013 జనవరి నుంచి అందుబాటులో ఉన్న డైరెక్ట్ ప్లానుకు మారడమే. అయితే ఆ మార్పును అమ్మకంగానే లెక్కిస్తారు కనుక ఎగ్జిట్ లోడు (ముందే బయటికి వస్తే పడే రుసుము), లాభంపై పన్ను ముందే చూసుకోవాలి. కొత్త వాయిదాలను వెంటనే మార్చి, పాత యూనిట్లను మెల్లగా కదపడం నా పద్ధతి.

బేరానికి లొంగేది షేర్ల కొనుగోలు, అమ్మకాలపై బ్రోకరు తీసుకునే బ్రోకరేజీ. డెలివరీపై (కొన్న షేర్లను ఖాతాలో ఉంచుకునే కొనుగోలుపై) 0.50 శాతం చొప్పున 2 లక్షల రూపాయల విలువైన షేర్లు కొంటే 1,000, అమ్మేటప్పుడు మళ్లీ అంత. 0.20 శాతానికి తగ్గించమని ఫోనులో కాక మెయిలులో, ఏడాది లావాదేవీల మొత్తాన్ని పేర్కొంటూ అడగండి. ఎన్‌పీఎస్ చందా రుసుము కూడా, పింఛను నియంత్రణ సంస్థ పీఎఫ్‌ఆర్‌డీఏ 2022లో సవరించిన పట్టిక ప్రకారం, 0.50 శాతం హద్దుకు లోబడి బేరమాడదగినదే. ఈ సంగతి బ్యాంకు కౌంటరులో వాళ్లంతట వాళ్లు చెప్పగా నేను వినలేదు.

అభ్యాసం: గత 12 నెలల కాంట్రాక్టు నోట్లు (బ్రోకరు పంపే లావాదేవీల వివరాలు), ఫండు, ఎన్‌పీఎస్ స్టేట్‌మెంట్లు అన్నీ తీసి, ప్రతి ఖర్చునూ ఒకసారి పడేది, ఏటా పడేది, బేరానికి వీలున్నది అని గుర్తించి, మొత్తాలను రూపాయల్లో రాయండి. శాతాల్లో రాసిన జవాబులను ఈసారి దిద్దను.