దసరా నుంచి కార్తీకం దాకా: చంటిపాప ఏడుపుకి ఇంట్లో ఎక్కడ వెతకాలి

మా పాప మార్చిలో పుట్టింది. ఎండాకాలం, వానాకాలం పెద్దగా ఇబ్బంది లేకుండానే గడిచిపోయాయి. ఏడో నెల పడి, తంగేడు పూలు బజారులోకి వచ్చేసరికి మొదలైంది అసలు కథ. ఒకరోజు ముక్కు, ఒకరోజు పిరుదులు, ఒకరోజు ఏమిటో తెలియని ఏడుపు.

మల్కాజ్‌గిరిలో మూడో అంతస్తు మాది. నేను, మా ఆవిడ, అమ్మ, పాప. ప్రతి ఏడుపుకీ ముగ్గురం మూడు కారణాలు చెప్పేవాళ్లం. చివరికి ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి, పాప ఏ వేళ ఏడ్చింది, ఆ రోజు ఇంట్లో కొత్తగా ఏం జరిగింది అని రాయడం మొదలుపెట్టాను. రెండు వారాలు తిరిగేసరికి ఒకటి అర్థమైంది. పాపలో తేడా వెతకడం కన్నా ఇంట్లో తేడా వెతకడం తేలిక. కింద రాసినవన్నీ ఆ కాగితం మీద ఉన్నవే. జ్వరం, ఆయాసం మాత్రం ఇంట్లో వెతికే విషయాలు కావు. వాటి సంగతి ముక్కు దగ్గర చెబుతాను.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఏడుస్తోంది

రాత్రి పదింటికి పాలు తాగి హాయిగా పడుకున్న పిల్ల నాలుగింటికి కెవ్వుమంటుంది. పాలిస్తే రెండు గుక్కలు తాగి వదిలేస్తుంది కాబట్టి ఆకలి కాదు. మా కాగితంలో వరసగా ఐదు రోజులు ఇదే వేళ.

కారణం ఫ్యాన్. అక్టోబరు సగానికల్లా మన దగ్గర నైరుతి వానలు తగ్గుముఖం పడతాయి, ఆకాశం తేటపడుతుంది. పగలు 30 డిగ్రీలున్నా, మబ్బు లేని రాత్రి ఆ వేడి నిలవదు. తెల్లవారేసరికి 20 దగ్గరికి దిగుతుంది. పదింటికి ఉక్కగా ఉందని నాలుగులో పెట్టిన ఫ్యాన్ తెల్లవారుజామున కూడా నాలుగులోనే తిరుగుతుంటుంది. మనం నిద్రలోనే దుప్పటి లాక్కుంటాం, పాప లాక్కోలేదు. అప్పటికి డైపర్ నిండి నడుం దగ్గర చొక్కా కాస్త తడిసి ఉంటుంది. తడి మీద గాలి.

చేతులు, కాళ్లు ముట్టుకుని చలిని అంచనా వేయకండి. చంటిపిల్లలకి అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చల్లగా ఉంటే చలి, చెమట తగిలితే ఉక్క.

ఇప్పుడు మేం ఒంటిగంటకి పాలకి లేచినప్పుడే డైపర్ మార్చి, ఫ్యాన్ ఒకటికి తగ్గిస్తున్నాం. పాదాల దాకా ఉండే నూలు సూట్ వేస్తున్నాం. ఏడాది లోపు పిల్లల పక్కన వదులు దుప్పట్లు, దిండ్లు ఉంచకూడదు. ముఖం మీద పడితే వాళ్లంతట వాళ్లు తీసుకోలేరు. అందుకే దుప్పటికి బదులు బట్టలే ఒక పొర ఎక్కువ. పడుకోబెట్టడం ఎప్పుడూ వెల్లకిలానే.

దీనికి సరిగ్గా ఎదురు తప్పు మా అమ్మ చేసింది. చలి అనగానే ఉన్ని టోపీ, స్వెట్టర్, సాక్సులు. ఆ రాత్రి పాప రెండింటికే లేచింది, మెడంతా చెమట. ఇంట్లో పడుకునే పిల్లకి టోపీ అక్కర్లేదు.

ముక్కు దిబ్బడ, పాలు తాగుతూ మధ్యలో వదిలేయడం

పసిపిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. ముక్కు మూసుకుపోతే పాలు తాగుతూ ఊపిరాడక వదిలేసి ఏడుస్తారు. చూసేవాళ్లకి పాలు చాలడం లేదనిపిస్తుంది. మా ఆవిడ ఆ మాట రెండు రోజులు విని, మూడో రోజు బాత్రూంలో ట్యాప్ తిప్పుకుని ఏడ్చింది. పాలకేం లోటు లేదు. అడ్డం ముక్కు.

జలుబైతే ముక్కు కారుతుంది, రెండు మూడు రోజులు ముదిరి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. మా పాపకి కారలేదు. పొద్దున బాగానే ఉండేది, సాయంత్రానికి గురగుర. కాగితం చూస్తే దొరికింది. దసరా ముందు ఇల్లు దులపడం. అటక మీది ఇత్తడి బిందెలు, పాత పరుపు, ఏళ్ల నాటి బూజు. అదే సాయంత్రం పాపకి తలంటి, సాంబ్రాణి పొగ. రాత్రికి మంచం కింద దోమల కాయిల్. మూడూ ఒక్కరోజే. పెద్దవాళ్లకే గొంతు పట్టేస్తుంది.

సాంబ్రాణి మీద మా ఇంట్లో వారం రోజులు చర్చ నడిచింది. "మిమ్మల్నందర్నీ ఆ పొగ మీదనే పెంచిన కొడుకా" అంది అమ్మ. నిజమే. కానీ పెంచింది జనగామ దగ్గర పెంకుటింట్లో. పొగ పెంకుల సందుల్లోంచి వెళ్లిపోయేది. ఇక్కడ దోమలకి భయపడి ఐదింటికే కిటికీలు బిగిస్తాం, పొగంతా పాప పడుకునే గదిలోనే తిరుగుతుంది. ఈ మాట అమ్మకి నచ్చింది. ఇప్పుడు సాంబ్రాణి దేవుడి దగ్గరే, బాల్కనీ తలుపు తీసి, పాప లోపలి గదిలో ఉన్నప్పుడు. పాప తలకి మెత్తటి తువ్వాలు చాలు. దులపడం ఒక రోజు ఒక గది, పాపని పక్కింటి వాళ్ల దగ్గర కూర్చోబెట్టి.

దిబ్బడ విడవడానికి మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు చాలు. పాలకి పది నిమిషాల ముందు ఒక్కో ముక్కు రంధ్రంలో ఒకటి రెండు చుక్కలు. తుమ్ముతుంది, గట్టిపడింది మెత్తబడుతుంది, బట్టతో తుడిచేయడమే. కర్పూరం కలిపిన నూనె, బామ్ రెండేళ్ల లోపు పిల్లలకి వద్దే వద్దు. కర్పూరం ఒంట్లోకి పోతే ఫిట్స్ రావచ్చు. ముక్కులో నూనె చుక్కలు ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా. దగ్గుకి తేనె ఏడాది నిండేదాకా నాలుక మీద కూడా రాయకూడదు, అందులో ఉండగల బొట్యులిజం క్రిమి పసివాళ్ల పేగుల్లో పెరుగుతుంది.

ఇక ఇంట్లో కారణం వెతుకుతూ కూర్చోకూడనివి. పాప పడుకున్నప్పుడు గడియారం పెట్టుకుని పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఆ తర్వాత ఏడాది దాకా 50, అంతకు తగ్గకుండా వస్తుంటే అది దిబ్బడ కాదు, ఆయాసం. డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలిగా కనిపించినా, పాలు పూర్తిగా మానేసినా, ఆరేడు గంటలుగా డైపర్ పొడిగానే ఉన్నా బయల్దేరాల్సిందే. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వచ్చినా అంతే, తెల్లారేదాకా చూద్దాం అనకూడదు. రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ సర్కారు పిల్లల ఆసుపత్రి. అంబులెన్సుకి 108. మీ పేటలో రాత్రిపూట పిల్లల డాక్టర్ ఉండే చోటు ఏదో ముందే కనుక్కుని ఉంచుకోండి. అర్ధరాత్రి పిల్లని భుజాన వేసుకుని ఫోన్‌లో వెతకడం ఎంత టెన్షనో మాకు తెలుసు.

పిరుదుల మీద ఎర్రగా కందిపోవడం

ఎర్రదనం ఎక్కడుందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. ఉబ్బెత్తుగా ఉన్నచోట కంది, మడతల లోపల మామూలుగా ఉంటే అది తడి, రాపిడి వల్ల. మడతల్లోనే ఎర్రగా ఉండి, చుట్టూ చిన్న చిన్న ఎర్రటి చుక్కలుంటే ఫంగస్, డాక్టర్ రాసిచ్చిన మందు కావాలి.

మాది మొదటి రకం. డైపర్ కంపెనీ మార్చాం, తగ్గలేదు. పగలు కట్టే లంగోటీలు వాసన చూసింది అమ్మ. ముక్కిపోయిన వాసన. వానలకి బాల్కనీలో ఆరక, చేతికి పొడిగా తగులుతున్నా కుట్టు దగ్గర తడిగానే ఉన్నాయి. ఇంకో సంగతి బోరు నీళ్లు. మాకు నల్లా నీళ్లు రోజూ రావు, రాని రోజు బట్టలు బోరు నీళ్లలోనే. ఆ నీళ్లకి సబ్బు నురగ రాదు, పోదు. ఆరిన లంగోటీ అప్పడంలా బిరుసుగా నిలబడేది.

ఇప్పుడు పౌడరు సగం వేసి, చివరి జాడింపు నల్లా నీళ్లలో. ఆరాక కుట్టు మీద ఇస్త్రీ. పాపని రోజుకి రెండుసార్లు పావుగంట ఏమీ కట్టకుండా చాప మీద వదిలేస్తున్నాం, చాప తడిస్తే తడుస్తుంది అనుకోండి. జింక్ ఆక్సైడ్ క్రీమ్ మందంగా రాస్తే తడి చర్మానికి అంటదు. టాల్కం పౌడర్ చల్లకండి, పిల్ల పీల్చేస్తుంది.

నాలుక గులాబీ రంగులో ఉంది

నవ్వకండి, ఆ క్షణంలో మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నాలుక, పెదాలు, గడ్డం అన్నీ ముదురు గులాబీ. నోట్లో వేలు పెట్టి చూస్తే తెల్లటి నూగులాంటిది అంటుకుంది. గునుగు పువ్వు. బతుకమ్మ పేర్చడానికి మా ఆవిడ గునుగు కట్టలకి రంగు అద్ది, పేపరు మీద ఆరబెట్టింది. దోగాడే పిల్లకి నేల మీదున్న పేపరంటే వడ్డించిన విస్తరే.

ఏం చెయ్యాలంటే, పక్కకి తిప్పి పట్టుకుని, నోట్లో కనిపించేవి మాత్రం తీయండి. కనిపించని దాని కోసం వేలు లోపలికి తోయకండి, అడ్డం పడుతుంది. తడిబట్టతో నాలుక తుడవండి. వాంతి చేయించొద్దు. రంగు డబ్బా చేతిలో పెట్టుకుని డాక్టర్‌కి ఫోన్ చేయండి. మా పాపకి ఏమీ కాలేదు, మర్నాడు డైపర్ కాస్త రంగురంగులుగా వచ్చింది. సద్దుల బతుకమ్మ నాటికి పూల పనంతా డైనింగ్ టేబుల్ మీదికి ఎక్కింది. దీపావళి మర్నాడు పేలని టపాకాయలు, ప్రమిదల వత్తులు కూడా ఇంతే, పాప లేవకముందే ఊడ్చేయాలి.

పగటిపూట దోమకాట్లు

రాత్రంతా దోమతెరలోనే పడుకుంటోంది, అయినా చెంపల మీద దద్దుర్లు. పగలు కుడుతున్నాయి. డెంగీ మోసే ఏడిస్ దోమ పగటిదే, పొద్దున, సాయంత్రం ముందు వేళల్లో ఎక్కువ. అది మురుగులో కాదు, మంచినీళ్ల నిల్వలో గుడ్లు పెడుతుంది.

మనీ ప్లాంట్ సీసా చూశాను, ఏమీ లేదు. బాల్కనీ మూల జూన్‌లో పక్కన పెట్టిన కూలర్ తలుపు తీశాను. అడుగున నాలుగు వేళ్ల నీళ్లు. టార్చి వేస్తే సన్నటి పురుగులు తోకలాడిస్తూ కిందికి మునిగాయి. మనమే పెంచి మన పిల్లని కుట్టిస్తున్నాం. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి ఒంపేస్తే చాలు. ఒంపడంతో ఆగకుండా గోడలు పీచుతో రుద్దాలి, గుడ్లు అంచులకి అంటుకుని ఉంటాయి. కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, కుండీల కింది పళ్లాలు, మూత సరిగ్గా పడని డ్రమ్ము.

పగటి నిద్రకీ దోమతెర కట్టండి. ఈ రోజుల్లో జ్వరం వస్తే ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ సొంతంగా వేయకండి, డెంగీ అయితే రక్తస్రావం ప్రమాదం. జ్వరం తగ్గాక కూడా పిల్ల మందకొడిగా ఉంటే ఊరుకోకూడదు.

మలం గట్టిగా రావడం

ఉగ్గు మొదలుపెట్టిన కొత్తలో మామూలే. మేకపెంటికల్లా ఉండి, ముక్కుతూ ఏడుస్తుంటే మలబద్ధకం. ఉగ్గు కాస్త పలచన చేసి, తిన్నాక రెండు మూడు చెంచాల కాచి చల్లార్చిన నీళ్లు, మగ్గిన బొప్పాయి గుజ్జు ఇచ్చి చూడండి. ఆరు నెలల లోపు పిల్లలకి నీళ్లు వద్దు. తల్లిపాల మీదున్న పిల్ల నాలుగైదు రోజులు వెళ్లకపోయినా, మెత్తగా వస్తే అది మలబద్ధకం కాదు.

సాయంత్రం ఏడుపు, ఏం చేసినా ఆగదు

చుట్టాలొచ్చిన రోజే వస్తుంది ఇది. బతుకమ్మ దగ్గర పాపని ఒకరి చేతిలోంచి ఒకరు అందుకున్నారు, పగటి నిద్ర పోయింది, ఏడింటికి మొదలైన ఏడుపు తొమ్మిదైనా ఆగలేదు. నిద్ర మించిపోయిన పిల్ల నిద్రపోలేదు, ఏడుస్తుంది. లైట్లు తగ్గించి, ఒక్కరే ఎత్తుకుని, మాటలు ఆపేస్తే అరగంటలో సర్దుకుంటుంది. దీపావళి రాత్రి కూడా వీధి వైపు గది వదిలి లోపలి గది, తలుపు కింద తడి తువ్వాలు.

అమ్మ లెక్క వేరు. "అందరి కండ్లు పడ్డయి" అని ఎండుమిర్చి దిష్టి తీసి పొయ్యి మీద వేసింది. ఘాటుకి మేం దగ్గితే పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. ఇప్పుడు ఒప్పందం ఏంటంటే, దిష్టి తీయొచ్చు, కానీ రాళ్ల ఉప్పుతో, అదీ బకెట్ నీళ్లలో కలిపేయాలి. మొన్న అలాగే తీసింది. అదే సమయానికి నేను లైట్లు ఆపి ఉన్నాను. ఐదు నిమిషాల్లో పాప పడుకుంది. ఫ్రిజ్ మీది కాగితంలో ఆ రోజు కారణం దగ్గర నా రాత ఒకటి ఉంది, దాని కింద అమ్మ రాత ఒకటి ఉంది.