పగలు నిద్రపోయే మనిషి ఉన్న ఇంట్లో

మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. విజయవాడ–హైదరాబాద్ నైట్ సర్వీసు. రాత్రంతా సుమారు 270 కిలోమీటర్లు నడిపి, రోజు విడిచి రోజు ఉదయం ఏడింటికి ఇల్లు చేరతారు. వీధి అంతా నిద్రలేచి పనుల్లో పడే వేళకి మా ఇంట్లో రాత్రి మొదలవుతుంది. పదకొండేళ్లుగా ఆ రాత్రిని కాపాడుకుంటూ వస్తున్నాను. నర్సులు, వాచ్‌మన్లు, నైట్ షిఫ్టులు చేసే పిల్లలు ఉన్న ఇళ్లకి పనికొస్తుందని నేను చేసేది చెబుతున్నాను.

మొదట్లో నాకూ దీని విలువ తెలియదు. ఒకసారి చికున్‌గున్యా వచ్చి వారం రోజులు మంచం దిగలేకపోయాను. కీళ్లన్నీ ఒకటే నొప్పులు, కాస్త కునుకు పడితే చాలనిపించేది. ఒక మధ్యాహ్నం మెలకువ వచ్చి చూస్తే, ఆయన వంటింట్లో తుండు పరిచి, కడిగిన స్టీలు గ్లాసులు ఒక్కొక్కటే దాని మీద బోర్లిస్తున్నారు. అంత పెద్ద బస్సు తిప్పే చేతులు గ్లాసుని అంత నెమ్మదిగా దించుతుంటే చూసి నాకు ఏడుపొచ్చింది. లేచానని చెప్పకుండా మళ్లీ కళ్లు మూసుకున్నాను.

ముందు ఒక కాగితం తీసుకుని, పడుకున్న మనిషి లేచేదాకా ఇంట్లో ఏమేం మోగుతున్నాయో రాయండి. మా ఇంట్లో పద్నాలుగు తేలాయి. సగం మన చేతిలోవే. పప్పు, అన్నం ఆయన రాకముందే అయిపోవాలి, ఆరున్నరకల్లా కుక్కర్ దించేస్తాను. పచ్చడి సాయంత్రానికి వాయిదా. తప్పదంటే మిక్సీ కింద తుండు నాలుగు మడతలు వేసి, వంటింటి తలుపు మూసి తిప్పుతాను. కిర్రుమనే తలుపు బందులకి కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు చాలు. కాలింగ్ బెల్ స్విచ్ ఆపేస్తాను. గ్యాస్ తెచ్చే అబ్బాయికి, “బెల్ కొట్టొద్దు బాబూ, ఫోన్ చెయ్యి, నేనే వస్తా” అని చెప్పి, ఎందుకో కూడా చెప్పాను. ఆ తర్వాత అతను మెట్ల మీద సిలిండర్ ఎప్పుడూ దొర్లించలేదు, భుజాన వేసుకుని వస్తాడు. ఎండాకాలం అతని కోసం మజ్జిగ తీసి ఉంచుతాను.

వెలుతురు కూడా చప్పుడు లాంటిదే. వెలుగు పడితే ఒంటికి తెల్లవారినట్టే, నిద్ర పలచబడుతుంది. కర్టెన్ వెనక నల్ల దుప్పటి కట్టండి. రాగానే టీ ఇవ్వడం మానేసి రాగి జావ ఇస్తున్నాను.

అత్తయ్యకి చెవులు సరిగ్గా వినపడవు. టీవీ సౌండ్ తగ్గించమంటే ఆవిడకి సీరియల్ లేనట్టే. అందుకని కింది వాటా పిన్నిగారిని అడిగాను. పదకొండింటికి ఇద్దరూ అక్కడే కూర్చుని చూస్తారు. ఒకరి నిద్ర కోసం ఇంకొకరి సరదా తీసేయకూడదు, ఆవిడా మా ఇంటి మనిషే.

పిల్లల దగ్గర నేను తప్పు చేశాను. పొద్దస్తమానం “ష్... నాన్న పడుకున్నారు” అనేదాన్ని. కొన్నాళ్లకి చిన్నది నాన్న గది దాటాలంటేనే గోడ పక్కన నక్కినట్టు నడిచేది. అది చూసి ఆ మాట మానేశాను. భయంతో నోళ్లు మూతపడిన ఇంట్లో ప్రశాంతత ఉన్నట్టు కాదు. (నిజంగానే అలాంటి భయం మధ్య బతుకుతున్న ఆడవాళ్లు 181కి ఫోన్ చేయొచ్చు, అది మహిళల హెల్ప్‌లైన్.) ఇప్పుడు సెలవు రోజుల్లో పిల్లలు ఆడుకోవడానికి వెనక వేపచెట్టు నీడ ఉంది, అక్కడ ఎంత అరిచినా ఏమీ అనను.

అన్నిటికంటే కష్టమైంది మాటల సంగతి. ఒకసారి ఆయన డ్యూటీకి బయల్దేరుతుంటే ఆడపడుచు ఇంటి అప్పు విషయం ఎత్తాను. మాటా మాటా పెరిగింది. కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. ఆయన వెనక సీట్లలో నలభై మంది నిద్రపోతూ ఉంటారు కదా అన్న టెన్షనే. తెల్లవారుజామున హైదరాబాద్ చేరానని ఫోన్ వచ్చాక గానీ నీళ్లు గొంతు దిగలేదు. అప్పటి నుంచి డ్యూటీకి వెళ్లే ముందు, వచ్చిన వెంటనే, డబ్బు మాట, చుట్టాల మాట ఎత్తను. అలాగని కడుపులో దాచుకోను. వీక్లీ ఆఫ్ రోజు సాయంత్రం డాబా మీద టీ తాగుతూ అన్నీ మాట్లాడుకుంటాం. అప్పుడు ఆయన కూడా కోప్పడకుండా వింటారు.

వీధి సంగతి కూడా చెప్పాలి. లౌడ్‌స్పీకర్లకి రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా చట్టం అడ్డం ఉంటుంది, పగలు మనమే అడుక్కోవాలి. వినాయక చవితి పందిరి కుర్రాళ్లని దండం పెట్టి అడిగితే, సౌండ్ బాక్సు మొహం రోడ్డు వైపు తిప్పారు. వాళ్లకి పులిహోర చేసి పంపాను.

ఆయన మూడింటికి లేస్తారు. బడి నుంచి రాగానే బ్యాగు కూడా దించకుండా చిన్నది బల్ల ఎక్కి కాలింగ్ బెల్ స్విచ్ వేస్తుంది. ఆ పని దానిదే, ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు. వేసి, బయటికి పరిగెత్తి, ఒక్కసారి గట్టిగా నొక్కుతుంది. తలుపు తీసేది వాళ్ల నాన్నే.