కళాకారుడి గీత నగగా మారేటప్పుడు

ఆధునిక కళాకారుడు ఇచ్చిన చిత్రాన్ని స్వర్ణకారుడు నేరుగా బంగారంలోకి దింపకుండా, ముందుగా రాగి రేకుతోనో మైనంతోనో నమూనా చేసి ధరింపజేసి చూడాలి. ఎందుకంటే కాగితం మీద తేలికగా కనిపించిన రూపం చెవికి బరువు కావచ్చు, దాని అంచు బట్టకు పట్టుకోవచ్చు. కొక్కెం, అతుకు ఎక్కడ ఉండాలన్నది స్వర్ణకారుడి నిర్ణయమే. గీత వంపును మాత్రం, మెరుగు పెట్టే చేతికి అందులోని గరుకుతనం లోపంగా తోచినా సరే, కళాకారుడిని అడగకుండా సరిదిద్దకూడదు. నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన నిగ్రహం ఇదే. 1967లో మిలాన్‌లో జియాన్‌కార్లో మాంటెబెల్లో నెలకొల్పిన కార్యశాల మ్యాన్ రే, లూసియో ఫాంటానా వంటి ఆధునిక కళాకారుల నగలను పరిమిత సంఖ్యలో తయారుచేసింది. అలా చేయదలచినవారు ఎన్ని ప్రతులు చేయాలో, సంతకం ఎక్కడ చెక్కాలో, అచ్చు ఎవరి వద్ద ఉండాలో ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి.